వెనక్కి ఇచ్చిన రిమోట్

"అత్తా, కంపెనీదే తీసుకో. థర్డ్ పార్టీవి చూపిస్తారు, సగం రేటుకే ఇస్తామంటారు, వద్దు. అవి పట్టుమని ఆర్నెల్లు రావు" అని నా మేనకోడలు షారోన్ చెన్నై నుంచి ఫోన్‌లో మూడుసార్లు చెప్పింది. థర్డ్ పార్టీ అంటే ఏంటమ్మా అని అడిగాను. "ఆటల మిషన్ చేసిన కంపెనీ కాకుండా వేరేవాళ్లు చేసి అమ్మే కంట్రోలర్ అత్తా. మీ చిన్నప్పుడు డూప్లికేట్ అనేవాళ్లు గదా, అట్లాంటిదే అనుకో" అంది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఆటోలు ఒరుసుకుంటూ పోతున్నాయి. డూప్లికేట్ అన్న ఆ ఒక్క మాటకి నేను దుకాణం మెట్టు మీద ఎక్కలేక దిగలేక నిలబడిపోయాను.

షారోన్ తండ్రి నా తమ్ముడు దయాకర్. గూడూరులో టీవీ మెకానిక్. పోయిన చలికాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట తేరుకుంది గానీ చెయ్యి తేరుకోలేదు. సాల్డరింగ్ కడ్డీ పట్టుకుని బతికినవాడు ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోలేడు. వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే కిటికీలోంచి పారేశాడట. షారోన్ తన పాత ఆటల మిషన్ తెచ్చి టీవీకి తగిలించాక మాత్రం గంటలు గంటలు కూర్చుంటున్నాడు, వేళ్లు కదులుతున్నాయి. దాంతో వచ్చిన కంట్రోలర్ అరిగిపోయి, ముట్టుకోకపోయినా బొమ్మ ఎడమవైపుకి నడిచిపోతోందని కొత్తది కొనే పని నాకు అప్పజెప్పింది. పక్షవాతం ఇంకోసారి వస్తే ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. అది నా గుండెలో ముల్లులా ఉంది. ఎందుకంటే నేను ముప్పై ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకి ప్రార్థన నేర్పుతున్నదాన్ని. నా తోడబుట్టినవాడు ప్రార్థన చెయ్యడు. మేం గుడి అనే చర్చి గడప తొక్కడు. ఎవరితోనూ వాదించడు, ఎవరినీ వెక్కిరించడు, ఊరికే చెయ్యడు. అది ఏ ఆదివారం మొదలైందో నాకు తెలుసు, ఎవరి వల్ల మొదలైందో కూడా తెలుసు. వాడు ఉండగానే వాడి నోట ఒక్కసారి 'ప్రభువా' అనే పిలుపు వినాలి. నేను అడుగుతున్నది అదొక్కటే.

మా ఊరు కోట అనే టౌను దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. గుడి గోడకీ మా ఇంటి గోడకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉండేది. రొయ్యల చెరువులు మా వైపు కొత్తగా వచ్చిన రోజులవి. నాయన హేచరీలో పనిచేసేవాడు, రొయ్య పిల్లల తొట్లకి నీళ్లు మార్చడం, మేత వెయ్యడం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒంటి నిండా మేత వాసన, ఉప్పు వాసన. గూడూరు నుంచి వచ్చే నిమ్మకాయలు పిండుకోగా మిగిలిన తొక్కల్ని అమ్మ ఒక మట్టి మూకుడులో దాచేది. వాటితో మోచేతుల దాకా రుద్దుకుంటే తప్ప నాయన వేదగ్రంథం ముట్టేవాడు కాదు. అందుకే ఈనాటికీ కుటుంబ ప్రార్థన అంటే నా ముక్కుకి నిమ్మతొక్క వాసనే వస్తుంది. అమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేది. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ డబ్బా గుడికి పోయేది. ఇంట్లో నూకలు వండుకున్న రోజుల్లో కూడా ఆ డబ్బాలోకి నూకలు పోలేదు. ఒకసారి నేను తెలియక నూకలు వేస్తే నా చెయ్యి పట్టుకుని డబ్బా మొత్తం చాట మీద బోర్లించి, నూక నూక ఏరించింది. "మనకి ఏదైనా పరవాలేదు మే. ఆయనకి మేలైంది పోవాల" అంది. మేలైంది అన్న మాట నాకు అంతగా పట్టేసింది. ఏది మేలైందో ఎట్టా తెలుసుకోవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

హేచరీ యజమాని మద్రాసు మనిషి. ఆయన పిల్లలు ఆడి విసుగెత్తి వదిలేసిన టీవీ గేమ్‌ని ఒకనాడు నాయన తువ్వాల్లో మూటగట్టుకుని తెచ్చాడు. ఒక నల్లపెట్టె, పసుపురంగు కేసెట్లు రెండు, పొడవాటి తీగతో ఒక రిమోట్. ఇప్పుడు కంట్రోలర్ అంటున్నారు, మేమంతా రిమోట్ అనే అనేవాళ్లం. దాని మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. ఇద్దరు ఆడాలంటే ఇంకోటి కావాలి. దయాకర్ నాయన వెనకాల పదిహేను రోజులు తిరిగితే, మద్రాసుకి రొయ్య పిల్లల లోడు తీసుకుపోయే డ్రైవరన్న ఎక్కడో పేవ్‌మెంట్ మీద ఒకటి కొనుక్కొచ్చాడు. లోపలి తీగలు కనబడే నీలిరంగు ప్లాస్టిక్, చేతిలో పెట్టుకుంటే బరువే ఉండేది కాదు, కిరసనాయిలు వాసన కొట్టేది. మామూలు బటన్ల పైన ఇంకో రెండు చిన్న ఎర్ర బటన్లు ఉండేవి. అవి ఎందుకో నేను అడగలేదు. బంగారు అక్షరాలది ఒరిజినల్, నీలిరంగుది డూప్లికేట్. పెద్దదాన్ని కాబట్టి ఒరిజినల్ నాది. నాకు పద్నాలుగు, వాడికి పదేళ్లు.

ఆట మీద అమ్మకి మనసు లేదు. లోకపు ఆట అనేది. వాక్యం ఒకటి కంఠతా అప్పజెబితేనే టీవీ పెట్టనిచ్చేది, ఆదివారం అసలు లేదు. జిల్లా కంఠస్థం పోటీల్లో బహుమతులు తెచ్చుకునేదాన్ని గనక నాకు అది అరక్షణం పని. దయాకర్ కళ్లు మూసుకుని ఊగుతూ, మాట మాటకీ తడుముకుంటూ చెప్పేవాడు. కానీ టీవీ ముందు కూర్చున్నాక మాత్రం ప్రతిసారీ వాడే గెలిచేవాడు. నా చేతిలోది కుడి బాణం గట్టిగా అదిమితే గాని పలికేది కాదు. నా వేళ్లదే తప్పనుకున్నాను, రిమోట్‌ని అనుమానించాలని కూడా తోచలేదు. ఒరిజినల్ గదా. "ఒకసారి నాది పట్టుకో అక్కా" అని వాడు అడిగేవాడు. "డూప్లికేట్ నాకెందుకురా" అనేదాన్ని. ఆ నీలి రిమోట్‌ని నేను ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకుని ఆడలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇంత వయసు పట్టింది.

ఆ ఏడు కోతల పండగ వచ్చింది. మా సంఘాల్లో ఆ పండగ తెలియనివాళ్లకి చెప్పాలి. పంట చేతికొచ్చాక ఎవరికి ఉన్నది వాళ్లు గుడికి తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, మా వైపయితే రొయ్యలు, ఎండు చేపలు. ఆరాధన అయ్యాక అవన్నీ బల్ల మీద పెట్టి వేలం పాట పెడతారు. ఒక్క కొబ్బరికాయని నలుగురు పోటీ పడి పాడుకుంటుంటే పిల్లలకి తిరునాళ్లే. ఆ ఏడు అమ్మ ఒక షరతు పెట్టింది. "ఈసారి మీ కానుకలు మీరే ఇయ్యాల. ప్రాణం లాంటిది ఇయ్యాల" అంది. నేను బహుమతిగా వచ్చిన స్టీలు గిన్నె ఇచ్చాను. అట్లాంటివి నాకు ఇంకా మూడు ఉన్నాయి. ఆ సంగతి అమ్మ అడగలేదు, నాకూ గుర్తుకురాలేదు. దయాకర్‌తో మాత్రం నేనే అన్నాను, నీ ప్రాణం రిమోట్ మీద గదా, అదే ఇయ్యి అని. దేవుడికి పోయేది కాబట్టి నా ఒరిజినలే పెడతాడనుకున్నాను, ఆ మాట పైకి అనలేదు. వాడు ఒక పూట ఆగి "సరే అక్కా" అన్నాడు. ఇద్దరం ఆడే ఆటలు ఆగిపోతాయని తెలిసి కూడా సరే అన్నాడు. శనివారం సాయంత్రం వరండాలో కూర్చుని తడిగుడ్డతో ఏదో తుడుస్తుంటే చూశాను, వెళ్లి చూడలేదు.

పాట పాడించేది సంఘ పెద్ద ఏసురత్నం తాత. నవ్వించకుండా ఏ వస్తువునీ అమ్మేవాడు కాదు. గుమ్మడికాయ పాట అయిపోయాక "ఇదేందబ్బా, తోకుండే తేలు మాదిరి ఉండాదే" అని ఆయన పైకెత్తి చూపించింది నీలిరంగు రిమోట్‌ని. డూప్లికేట్‌ని. నా ఒళ్లు మండిపోయింది. అంతకుముందు వారమే సండే స్కూల్లో పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని, అంతా ఇచ్చామని అపొస్తలులతో చెప్పి, అక్కడికక్కడే కూలి చచ్చిన భార్యాభర్తల పాఠం అప్పజెప్పి మెప్పు పొందాను. నాకు తమ్ముడు కనబడలేదు. ఆ పాఠం కనబడింది. వాడు చచ్చిపోతాడని నిజంగానే భయపడ్డాను, ఆ భయం ఎంతో, పదిమందిలో నేను లేచి నిలబడ్డానన్న సంతోషమూ అంత. "తాతా, అది డూప్లికేట్‌ది. మంచిది ఇంట్లో దాచిపెట్టుకున్నాడు" అన్నాను. పాస్టరు అయ్యగారు వేదిక మీద నుంచి "దయాకర్, లేచి నిలబడు నాయనా. అక్క చెప్పింది నిజమేనా?" అని మెల్లగానే అడిగారు. వాడు లేచాడు. "డూప్లికేటే అయ్యగారూ. కానీ అదే మంచిది" అన్నాడు.

నవ్వులు. ఆ నవ్వులు నాకు ఇప్పటికీ వినబడతాయి. ఏసురత్నం తాత "అబ్బో, పిలకాయ గట్టోడే, లాయరు కావాల్సినోడు" అన్నాడు. ఇంకా నవ్వారు. నేను సందులోంచి ఇంటికి పరుగెత్తి బంగారు అక్షరాల రిమోట్ తెచ్చి బల్ల మీద పెట్టాను. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టారు. తాత నీలి రిమోట్‌ని తీగతో సహా చుట్టి దయాకర్ చేతిలో పెట్టాడు. "నీది నువ్వే తీసుకోరా అబ్బయ్యా, దేవుడికి దొడ్డదే పోయింది" అన్నాడు. ఇచ్చిన కానుకని గుడిలో అందరి ముందూ వెనక్కి పుచ్చుకున్న మనిషిని నేను అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ మధ్యాహ్నం వాడు వరండాలో పేపరు పరిచి, రిమోట్ స్క్రూలు విప్పి, లోపలి రబ్బరు ముక్కల్ని వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. అది మళ్లీ బిగించలేదు. మెకానిక్ బతుకు అక్కడే మొదలైందని నేను పదిమందికి గొప్పగా చెప్పుకున్నాను కూడా. నాయన బతికున్నన్నాళ్లు ఆదివారం వచ్చి చివరి చాప మీద కూర్చునేవాడు. నాయన్ని మట్టిచేసిన తర్వాతి వారం నుంచి రాలేదు.

ఇన్నేళ్లూ నేను నా తప్పు ఇంత అనుకున్నాను: చిన్న పిల్లవాడి చిన్న దొంగతనాన్ని పదిమందిలో బయటపెట్టాను, కఠినంగా ఉన్నాను, ప్రేమ చూపలేదు. దానికి మోకాళ్లూని ఏడ్చాను, క్షమాపణ పొందానని నమ్మాను. మొన్న దుకాణంలో అబ్బాయి రెండు డబ్బాలు గాజుబల్ల మీద పెట్టేదాకా అదే నా నమ్మకం. "కంపెనీదే ఇయ్యి బాబూ" అన్నాను. ఎవరికని అడిగాడు. చెయ్యి సంగతి చెప్పాను. "అట్టయితే ఇది తీసుకోండి మేడమ్. వేరే కంపెనీదే గానీ వెనకాల కూడా బటన్లు ఉంటాయి, ఏ పనికి ఏ బటన్ కావాలంటే అది పెట్టుకోవచ్చు. దీనికి టర్బో ఉంది చూడండి, ఈ చిన్న ఎర్రది. మామూలు దాంట్లో టకటకా కొట్టాల. దీంట్లో ఊరికే నొక్కి పట్టుకుంటే చాలు, అదే కొడతా ఉంటది. పాతకాలం టీవీ గేముల్లోనూ ఉండేదంట, మా నాయన చెప్తాడు, అది దొరికినోడిదే ఆట అని." "అప్పట్లో బంగారు అక్షరాల ఒరిజినల్ రిమోట్లకి అది ఉండేదా బాబూ?" అన్నాను. ఆ అబ్బాయి నవ్వాడు. "అప్పుడు మన ఊళ్లకి ఒరిజినల్ యాడొచ్చింది మేడమ్? బంగారు అక్షరాలు కొట్టినా పెట్టెలన్నీ డూప్లికేట్లే. దాంట్లో మళ్లీ ఒరిజినలేంది, డూప్లికేటేంది?"

నా ముఖం చూసి కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు. దయాకర్ మేలైంది ఇచ్చాడు. తన గెలుపు మొత్తం తడిగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. నేను బంగారు అక్షరాలు చూసి, పలకని బాణం ఉన్నదాన్ని దేవుడి బల్ల మీదికి తీసుకుపోయాను. నూకలు ఏరించిన తల్లి కూతుర్ని, నూకలు అర్పించి దీవెన తెచ్చుకున్నాను. నేను క్షమాపణ అడిగిన పాపం ఒకటి, చేసినది వేరొకటి.

వేరే కంపెనీదే కొన్నాను. మధ్యాహ్నం రైలుకి గూడూరు వెళ్లాను. నా మరదలు డ్యూటీకి పోయింది, ఇంట్లో వాడొక్కడే. డబ్బా చూడగానే "కంపెనీది కాదే! షారోన్ నిన్ను బతకనిస్తదా?" అన్నాడు. ఎడమచేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్క బటనే నొక్కి విన్నాడు. "రబ్బరు బాగుండాది" అన్నాడు.

"ఇవి పనికొస్తాయారా, ఊరికే డబ్బు దండగా?"

"పేరు చూసి చెప్పేది కాదక్కా ఇది. కొన్ని చెత్త, వారానికే పోతాయి. కొన్ని కంపెనీదానికంటే మేలు. చేతిలో పెట్టుకుని చూడాల. దీంట్లో స్టిక్కు రెండేళ్లకి ఊగులాడుద్ది. అప్పటికి నేను ఊగకుండా ఉంటే అదే చాలు."

"అట్టా మాట్లాడబాకరా."

"మెకానిక్‌ని మే. ఏ సామాను ఎన్నాళ్లు వస్తదో చెప్పడం నా పని" అని నవ్వాడు. నోరు ఒక పక్కకే నవ్వింది. ఆ నవ్వు ఉండగానే అడిగేశాను.

"దయా, కోతల పండగ నాటి రిమోటుకి టర్బో ఉండింది గదా."

"ఉండింది."

"నువ్వు మంచిదే ఇచ్చినావు."

"ఇచ్చినా."

"నాకు ఇయ్యాళ దాకా తెలవదురా."

"ఆ రోజే చెప్పినా గదా, అదే మంచిదని."

"నవ్వుల్లో నాకు వినబడలేదు."

"వినబడింది అక్కా" అన్నాడు, కోపం లేకుండా, ఏ టీవీలో ఏ ముక్క కాలిపోయిందో చెప్పినట్టు. "ముందు నవ్వింది నువ్వే."

వినబడ్డ నవ్వులన్నిట్లో నా నవ్వు నాకు ఎన్నడూ వినబడలేదు. వాడు చెప్పాక వినబడింది. వాడి ముందు నేల మీద కూర్చున్నాను. క్షమించమని అడిగాను. "లే అక్కా, మోకాళ్ల నొప్పుల దానివి. నీ మీద నాకేం లేదు, నిజంగా లేదు" అన్నాడు. అయితే ఒక్కసారి నాతో ప్రార్థన చెయ్యరా అన్నాను. నన్ను నొప్పించకుండా ఎట్టా చెప్పాలా అని ఆలోచిస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"నీ మీద ఏం లేదన్నా గదా. ఆ దేవుడి మీద కూడా ఏం లేదక్కా. కోపముంటే మేలే, తిట్టడానికైనా పిలుస్తా. వద్దని తిప్పి ఇచ్చినారు, నన్నే వద్దన్నారనుకున్నా. చిన్న పిలకాయని గదా, కొన్నాళ్లు చానా ఏడ్చినా. తర్వాత ఏడుపు పోయింది. దాంతో పాటే అదీ పోయింది. విప్పి చూసుకున్నా, లోపల ఏం తగల్లా. నీకోసం కళ్లు మూసుకోమంటే మూసుకుంటా. కానీ అది డూప్లికేట్ అవుతాది గదా."

ఆ రోజుల్లో మా ఇళ్లలో దేనికీ తక్కువే గానీ నమ్మకానికి తక్కువ లేదు. అమ్మ డబ్బా నిండుగా ఉండేది, గుడిలో చాపలు చాలేవి కావు. ఇప్పుడు గుడి పెద్దదైంది, పాలరాయి పరిచాం, కోతల పండగ పాటకి మైకులు పెడుతున్నాం. అదే సండే స్కూల్లో అదే పాఠం ముప్పై ఏళ్లుగా నేను చెబుతున్నాను, పిల్లలు భయంతో కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. వాళ్లలో ఎంతమంది చేతుల్లో ఏం పెట్టుకుని వచ్చారో, నేను ఏం చూడకుండా తిప్పి పంపానో నాకు తెలియదు. దేవుడు వాడి కానుకని అందుకోవడానికి చెయ్యి చాపి ఉంటాడనే నా విశ్వాసం. ఆ చేతికీ వాడికీ మధ్య నిలబడింది నేను. అది దేవుడికి తెలుసు, నాకు తెలుసు. తెలియాల్సినవాడికి ఇప్పుడు అది అక్కర్లేదు.

నేను చేసుకుంటాలే, నువ్వు ఊరికే కూర్చో అన్నాను. వాడు మర్యాదగా టీవీ సౌండు పూర్తిగా తగ్గించాడు. కళ్లు మూసుకున్నాను. వేలసార్లు వేలమంది కోసం చేసిన ప్రార్థన, మాటలు వాటంతట అవే వచ్చాయి, చక్కగా, ఒకదాని వెనక ఒకటి. అవి వస్తున్నకొద్దీ నాకు సిగ్గేసింది. మధ్యలో ఆపేశాను. సొంత మాట ఒక్కటి కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. వీధిలో నిమ్మకాయల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. చివరికి ఆమేన్ అన్నాను. రెండో గొంతు కోసం కాసేపు కళ్లు తెరవకుండా అట్లాగే ఉన్నాను.

"అయిపోయిందా అక్కా?" అన్నాడు.

"అయిపోయింది."

"సౌండు పెట్టుకోనా?"

"పెట్టుకో నాయనా" అన్నాను.